వరి కౌలుకు, మినుము ఇంటికి

తెనాలి నుంచి రేపల్లెకు పోయే రైలుమార్గంలో, తెనాలి దాటిన కొద్దిసేపటికే వచ్చే చిన్న స్టేషను జంపని. 1916లో ఏర్పడిన ఆ మార్గం కృష్ణా పశ్చిమ డెల్టా మాగాణుల నడుమ సాగుతుంది. ఆషాఢ శ్రావణాలలో ఆ పొలాలు నీళ్ళతో నిండి ఆకాశాన్ని చూపుతాయి. ఆశ్వయుజం నాటికి పచ్చబడతాయి. మార్గశిరంలో పసిడి రంగుకు తిరుగుతాయి. కోతలు ముగిసిన తరువాత బీడుగా ఉండవలసిన నేల పుష్యమాసంలో మళ్ళీ పచ్చబడుతుంది. ఈ రెండవ పచ్చదనాన్ని రైలు కిటికీలోంచి చూచి, మళ్ళీ వరి నాటారనుకొనే పట్టణవాసులు లేకపోలేదు. అది వరి కాదు, మినుము.

జంపని వేమూరు మండలంలోని గ్రామం. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో గుంటూరు జిల్లా నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. తెనాలి మాత్రం గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. కనుక ఆ ఊరివారికి సంత తెనాలిలో, సంతకం బాపట్లలో. ఒకప్పుడు సహకార రంగంలో నడిచిన చక్కెర కర్మాగారం వల్ల చుట్టుపక్కల గ్రామాలకు జంపని పేరు బాగా పరిచితం. చెరకు విచిత్రమైన పంట. నరికిన గడ ఎండలో పడి ఉన్నకొద్దీ దానిలోని చక్కెర తరిగిపోతుంది. ఒక రోజులోపల మరకు చేరకపోతే రైతుకు నష్టం తప్పదు. అందువల్ల చెరకు పండాలంటే నేల, నీరు ఉంటే చాలదు, దగ్గరలో ఒక మర కూడా ఉండాలి. పంటకూ వ్యాపారానికీ ఉన్న ఈ ముడి జంపని పెద్దలకు పుస్తకం చదవకుండానే తెలుసు.

వారి మనుమలకు అంతగా తెలియదు. ఆ ప్రాంతపు జూనియర్ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివే పిల్లలలో చాలామంది రైతుబిడ్డలే. వారిలోనూ కౌలు రైతుల బిడ్డలు అధికం. భూమి ఒకరిది, సేద్యం మరొకరిది కావడం డెల్టాలో సర్వసాధారణం. సేద్యం చేసేవాడు ఎకరానికి ఇన్ని బస్తాలని ధాన్యం కొలిచి, లేదా దాని వెల కట్టి, భూయజమానికి ఇస్తాడు. బస్తా అంటే 75 కిలోలు. ఇలా కొలిచిన తండ్రులు తమ పిల్లలు ఆ బురదలో దిగకూడదనే కోరికతోనే వారిని చదివిస్తారు. ఆ కోరిక సహజమే. కాని దానివల్ల ఒక చిత్రమైన పరిణామం కలిగింది. ఊరి పొలాలకు కూతవేటు దూరంలో పెరిగిన పిల్లలు కిరణజన్య సంయోగక్రియను సమీకరణంతో సహా రాయగలరు గాని, తమ తండ్రి వేసిన వరి రకం పేరు చెప్పలేరు.

దీనిని గమనించిన వృక్షశాస్త్ర అధ్యాపకుడు ఒకరు, మార్గశిర మాసంలో రెండు రోజుల క్షేత్రపర్యటన ఏర్పాటు చేశారు. ప్రయాణానికి ముందు నలభైమంది విద్యార్థులకూ ఒకే పని అప్పగించారు. ఇంట్లో పెద్దలను అడిగి ఒక ప్రశ్న తెచ్చుకోవాలి. ఆ ప్రశ్న పాఠ్యపుస్తకంలోది కాకూడదు. చాలామంది ఈ పనిని తేలికగా తీసుకున్నారు. ఒక విద్యార్థిని మాత్రం సాయంకాలం పొలానికి వెళ్ళి తండ్రిని అడిగింది. ఆయన అప్పుడు నిలువు చేలో మినుములు చల్లుతున్నాడు.

ఆ చల్లడాన్ని గూర్చి కొంత వివరంగా చెప్పుకోవాలి. కృష్ణా డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నేల ఇంకా పదునుగా ఉండగానే, నిలిచి ఉన్న పైరులో మినుము విత్తనం వెదజల్లుతారు. వరి కోసి పనలు వేస్తే, ఆ పనల కింద మొలకలు లేస్తాయి. పనలు ఎత్తి కుప్ప వేసేసరికి చేను చేనంతా చిన్న ఆకులు విచ్చుకొని ఉంటుంది. దుక్కి లేదు, కాలువ నీరు లేదు. నేలలో మిగిలిన తడి, తెల్లవారుజామున కురిసే మంచు, ఇవే దానికి ఆధారం. 75 నుంచి 90 రోజులలో పంట చేతికి వస్తుంది. పైగా పప్పుజాతి మొక్క కనుక వేళ్ళ బుడిపెలలో నత్రజనిని నిలిపి, తరువాతి వరికి నేలను సిద్ధం చేస్తుంది. ఈ పద్ధతిని ఏ విశ్వవిద్యాలయమూ మొదట కనిపెట్టలేదు. డెల్టా రైతు కనిపెట్టాడు. శాస్త్రవేత్తలు తరువాత వచ్చి, దానికి తగిన రకాలు తయారుచేశారు. గుంటూరు సమీపంలోని లాం పరిశోధనా స్థానం నుంచి వచ్చిన ఎల్‌బీజీ 17 బూడిద తెగులును తట్టుకొని మాగాణి మినుమును నిలబెట్టిన రకాలలో ముఖ్యమైనది.

‘నాన్నా, అక్కడి పెద్దలను ఏమని అడగను?’ అన్న కూతురికి ఆ తండ్రి వెంటనే జవాబు చెప్పలేదు. చల్లడం పూర్తిచేసి, గట్టు మీదికి వచ్చి, ఒళ్ళో మిగిలిన గింజలు సంచిలో పోసి, ‘వరి కౌలుకు పోద్ది, మినుము ఇంటికొస్తది. ఇంటికొచ్చేదాని గురించి అడుగమ్మా’ అన్నాడు.

మొదటి రోజు ప్రయాణం ఉత్తర దిక్కుగా సాగింది. వడ్లమూడిలోని సంగం డెయిరీలో విద్యార్థులు పాలశీతలీకరణ యంత్రాలనూ, పాశ్చరీకరణ విధానాన్నీ చూశారు. పాలను 72 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద 15 సెకన్లపాటు వేడిచేసి, వెంటనే 4 డిగ్రీలకు చల్లబరచడం అక్కడి ప్రధానమైన పని. తెలిసిన విషయమే అయినా, ఆవిరి గొట్టాల నడుమ నిలబడి వినడంలో వేరొక స్పష్టత ఉంది. పాలధర కొలతను బట్టి మాత్రమే కాక, వెన్నశాతాన్ని బట్టీ, ఇతర ఘనపదార్థాలను బట్టీ నిర్ణయమవుతుందని అక్కడి ఉద్యోగి వివరించినప్పుడు, ఒక విద్యార్థి ‘మా గేదెకు ఇప్పుడు ఎండుగడ్డి చాలడం లేదండీ’ అన్నాడు. తోటివారు నవ్వారు. ఉద్యోగి నవ్వలేదు. కోతయంత్రం వచ్చాక గడ్డి నలిగి పొలంలోనే చెదిరిపోతున్నదని, దానిని మళ్ళీ చుట్టలు కట్టించడానికి వేరే యంత్రం కావాలని, ఈ ఖర్చు చివరకు పాలధర మీదనే పడుతుందని ఆయన చెప్పాడు. వరి కోసే తీరు మారితే పాలకుండ వరకూ ఆ మార్పు పాకుతుందన్నమాట.

దుగ్గిరాల పసుపు యార్డులో ఆ రోజు పెద్ద సందడి లేదు. తొమ్మిది నెలల పైరైన పసుపును తవ్వడం సంక్రాంతి తరువాతనే ఊపందుకుంటుంది. తవ్విన కొమ్ములను ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపట్టి యార్డుకు తెస్తారు. వ్యాపారి కొమ్మును విరిచి లోపలి రంగు చూస్తాడు. ఆ రంగుకు కారణమైన కుర్కుమిన్ శాతాన్ని ప్రయోగశాల సంఖ్యగా చెబితే, ఆయన కన్ను ధరగా చెబుతుంది. పిల్లలు అరచేతులు పసుపు చేసుకొని బస్సెక్కారు.

రెండవ రోజు దారి దక్షిణానికి. తెనాలి, బాపట్లల మధ్య నిడుబ్రోలు వచ్చినప్పుడు బస్సు కొద్దిసేపు ఆగింది. 1900లో అక్కడ జన్మించిన ఆచార్య ఎన్.జి. రంగా రైతుల సమస్యలను రాజకీయ వేదిక మీదికి తెచ్చిన నాయకులలో అగ్రగణ్యుడు. రైతు కార్యకర్తలకు శిక్షణ ఇవ్వడానికి తన ఊరిలోనే విద్యాలయం నెలకొల్పాడు. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి 1996లో ఆయన పేరు పెట్టారు. బాపట్ల వ్యవసాయ కళాశాల ఆ విశ్వవిద్యాలయం కంటె పెద్దది, వయసులో. అది 1945లో, ఉమ్మడి మద్రాసు రాష్ట్ర కాలంలో మొదలైంది. 1913లో ప్రథమాంధ్ర మహాసభ జరిగిన ఊరుగా బాపట్లను చరిత్ర విద్యార్థులు గుర్తుంచుకొంటారు. బియ్యం తినేవారు గుర్తుంచుకోవలసిన కారణం వేరొకటి ఉంది. అది మధ్యాహ్నం తెలియవలసి ఉన్నది.

ఉదయం వారిని తీరపు ఇసుక నేలలకు తీసుకొనిపోయారు. అక్కడ భూగర్భంలో రెండు నీళ్ళున్నాయి. వాన కురిసి ఇసుకలో ఇంకిన మంచినీరు తేలిక కనుక పైన తేలి ఉంటుంది. సముద్రపు ఉప్పునీరు బరువు కనుక అడుగున ఉంటుంది. రెండింటి మధ్యా గోడ లేదు. లోతుగా బోరు వేసి బలంగా తోడితే అడుగు నీరు పైకి ఉబికి వస్తుంది, పైరు మాడిపోతుంది. అందుకే ఆ తీరంలోని రైతులు తరతరాలుగా బావులు తవ్వక, దొరువులు తవ్వారు. దొరువు అంటే వెడల్పుగా, లోతు తక్కువగా తవ్విన గుంట. అందులో ఊరిన నీటిని కడవలతో ముంచి, కూరగాయలకూ పూలమొక్కలకూ పోసేవారు. రోజుకు ఎన్ని వందల కడవలు మోసేవారో వారి భుజాలకే తెలియాలి.

బాపట్లలోని లవణ జల పరిశోధనా పథకం శాస్త్రవేత్తలు ఈ దొరువును చూచి, దానిని మానుకోమని చెప్పలేదు. దానిలోని తెలివిని గ్రహించి, శ్రమను తగ్గించే మార్గం ఆలోచించారు. మంచినీటి పొరలో, ఉప్పునీటికి పైగా, రంధ్రాలున్న గొట్టాలను అడ్డంగా పరచి, వాటి చుట్టూ జల్లెడ వంటి వలనూ కంకరనూ అమర్చి, ఆ గొట్టాలన్నీ ఒక నూతిలోకి చేరేటట్లు చేశారు. నూతిలోకి మెల్లగా ఊరిన నీటిని చిన్న మోటారుతో తోడి తుంపర సేద్యానికి వాడవచ్చు. పాల మీది మీగడ తీసినట్లు పై నీటిని మాత్రమే తీయడం ఇందులోని కీలకం. మెరుగుపరచిన దొరువు అని దీనికి పేరు. పేరులో దొరువును ఉంచడం శాస్త్రవేత్తల మర్యాదకు గుర్తు.

ఆ చేల వద్ద కూర్చున్న ఒక వృద్ధుడిని పిల్లలు ‘తాతా, ఎంత తోడితే ఉప్పొస్తుంది?’ అని అడిగారు. ఆయన ‘పైనీళ్ళే మనయ్యి బాబూ, అడుగునీళ్ళు సముద్రానియ్యి. నోట్లో పోసుకుంటే తెలవదా?’ అన్నాడు. శాస్త్రవేత్త చేతిలో నీటి విద్యుద్వాహకతను కొలిచే పరికరం ఉంది. ఇద్దరూ ఒకే గుంట దగ్గర నిలబడి, ఒకరు నాలుకతోనూ మరొకరు పరికరంతోనూ, ఒకే మాట చెప్పారు.

మధ్యాహ్నం వరి పరిశోధనా విభాగంలో శాస్త్రవేత్త ముందుగా ఒక చిన్న కత్తెరనూ, పలుచని కాగితపు సంచినీ చూపించాడు. వరిపువ్వు తనను తాను ఫలింపజేసుకొంటుంది. రెండు రకాలను కలపాలంటే, పువ్వు విచ్చుకోకముందే దాని పైకొన కత్తిరించి, లోపలి ఆరు పుప్పొడి తిత్తులనూ తీసివేయాలి. కంకికి సంచి తొడిగి, తరువాత తండ్రి మొక్క పుప్పొడిని దానిమీద రాల్చాలి. అలా వచ్చిన గింజలను నాటి, మంచివి ఏరి, మళ్ళీ నాటి, మళ్ళీ ఏరి, గుణాలు స్థిరపడేవరకు తరం తరువాత తరం నడపాలి. ఒక రకం తయారు కావడానికి పదేళ్ళ కాలం పట్టడం సాధారణం. మూడుసార్లు ఎన్నికలు వచ్చిపోవచ్చు, ఒక వరి రకం రాదు.

‘బీపీటీ 5204 పేరు విన్నారా?’ అని ఆయన అడిగితే నాలుగైదు చేతులు లేచాయి. ‘సాంబ మసూరి?’ అంటే అన్ని చేతులూ లేచాయి. రెండూ ఒకటేనని తెలిసినప్పుడు గదిలో చిన్న కలకలం రేగింది. 1986లో విడుదలైన ఆ రకం ఈ బాపట్లలోనే పుట్టింది. బీపీటీ అంటే బాపట్ల. ఎంటీయూ అంటే మారుటేరు, ఎన్‌ఎల్‌ఆర్ అంటే నెల్లూరు. సాంబ మసూరి వంశవృక్షం చూస్తే, కోయంబత్తూరు నుంచి వచ్చిన జీఈబీ 24, తైవాన్ నుంచి వచ్చిన పొట్టిరకం తైచుంగ్ నేటివ్ 1, మలేసియాలో వెలసిన మసూరి కనిపిస్తాయి. మూడు దేశాల వంగడాలు బాపట్లలో కలిసి, సన్నని గింజకూ, అన్నం రుచికీ దక్షిణ భారతమంతటా పేరు తెచ్చుకొన్నాయి. సోనా మసూరి కూడా, బీపీటీ 3291గా, ఇక్కడిదే. అమెరికాలోని తెలుగువారు దుకాణంలో సంచి మీద చదివి కొనే ఆ పేరు వెనుక ఈ ఊరున్నది.

గొప్ప రకానికీ లోపాలుంటాయి. సాంబ మసూరి సుమారు 150 రోజుల పంట. తెగుళ్ళకు సులువుగా లొంగుతుంది. బాక్టీరియా వల్ల వచ్చే ఎండాకు తెగులును తట్టుకొనేటట్లు హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధనా సంచాలకాలయం కలిసి మెరుగైన సాంబ మసూరిని 2008లో విడుదల చేశాయి. 2025 మే నెలలో, హైదరాబాదులోని భారత వరి పరిశోధనా సంస్థ సాంబ మసూరిలోనే ఒక జన్యువును సవరించి రూపొందించిన డీఆర్‌ఆర్ ధాన్ 100 రకాన్ని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. దానికి కమల అని పేరు. కంకికి గింజల సంఖ్య పెరిగి, దిగుబడి దాదాపు 19 శాతం అధికమవుతుందని, పంట 15 నుంచి 20 రోజులు ముందుగా కోతకు వస్తుందని సంస్థ తెలిపింది. అయితే ప్రకటన వెలువడిన వెంటనే విత్తనం రైతు చేతికి రాదు. బ్రీడరు విత్తనం, ఫౌండేషన్ విత్తనం, ధ్రువీకరించిన విత్తనం అనే దశలు గడవాలి.

19 శాతం అన్న మాట వినగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. మినుములు చల్లిన రైతు కూతురు మాత్రం పుస్తకంలో ఏదో లెక్క వేసుకొంటున్నది. చప్పట్లు ఆగిన తరువాత లేచి నిలబడింది.

‘అయ్యా, మా నాన్న ఎకరానికి 30 బస్తాలు పండిస్తే, 15 బస్తాలు కౌలు కొలుస్తాడు. మిగిలినది దమ్ముకూ, నాట్లకూ, ఎరువుకూ, కోతకూ సరిపోతుంది. కొత్త రకంతో 35 పండితే, ఒకటి రెండేళ్ళు చూసి, కౌలు 18 అంటారు. పెరిగిన దిగుబడి మాకు ఉంటుందా?’

శాస్త్రవేత్త కొంతసేపు మౌనంగా ఉన్నాడు. ‘అది మా ప్రయోగశాలలో తేలే ప్రశ్న కాదమ్మా’ అన్నాడు. ఆ జవాబులో నిజాయితీ ఉంది. కౌలుదారుకు గుర్తింపు కోసం 2011లో ఒక చట్టం, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చాయి. రెండవ చట్టం 11 నెలల ఒప్పందపత్రం మీద భూయజమాని సంతకాన్ని కోరింది. సంతకం అడగడమంటే భూమిని వదులుకోవడానికి సిద్ధపడటమే అయిన చోట, చట్టంలోని మేలు అందరికీ అందదు. ఈ బాధ కొత్తదీ కాదు. కవిసార్వభౌముడైన శ్రీనాథుడు చివరి రోజులలో కృష్ణాతీరాన బొడ్డుపల్లెను గుత్తకు తీసుకొన్నాడనీ, పంటను వరద ఈడ్చుకొనిపోగా, మిగిలినది పక్షుల పాలు కాగా, చెల్లించవలసిన ఏడు వందల టంకాలకు దారి లేక అవమానాల పాలయ్యాడనీ ఆయన పేర ప్రచారంలో ఉన్న చాటువులు చెబుతున్నాయి. కనకాభిషేకం పొందిన కవికే తప్పని గుత్త అది.

ఆ విద్యార్థిని కూర్చోలేదు. ‘ఇంకొకటి, అయ్యా. ఇరవై రోజులు ముందుగా వస్తుందన్నారు. అవి కార్తీకంలోనే వచ్చే రోజులా?’

శాస్త్రవేత్త తలెత్తి చూశాడు. ఆమె అడిగినది వరిని గూర్చి కాదు, మినుమును గూర్చి. కాలువకు నీరు ఆలస్యమైతే నాట్లు ఆలస్యం, నాట్లు ఆలస్యమైతే కోతలు ఆలస్యం, కోతలు ఆలస్యమైతే మినుము పూత వేళకు ఎండ ముదురుతుంది, నేల తడి ఆరుతుంది. పైగా కోతయంత్రం చక్రాల కింద మొలకలు నలుగుతాయి. వీటన్నిటినీ దాటినా బంగారు తీగ అల్లుకొంటే పైరు దక్కదు. 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతల పథకం గోదావరి నీటిని కృష్ణా డెల్టాకు తెస్తున్నందువల్ల నారుమళ్ళకు కొంత ముందుగా నీరందే వీలు కలిగింది. దానికి తోడు వరి పంటకాలం కూడా తగ్గితే, మినుముకు చలి రోజులు మరికొన్ని దక్కుతాయి. పెరిగిన బస్తాలు కౌలులో కలిసిపోవచ్చు గాని, ముందుకు జరిగిన రోజులను ఎవరూ కొలిచి తీసుకొనిపోలేరు. పాలకులూ పత్రికలూ దిగుబడి శాతాన్నే పెద్ద అక్షరాలతో చెప్పాయి. కౌలు రైతు ఇంటికి మాత్రం ఆ రెండవ సంఖ్యే ముఖ్యం.

‘మీ ఊళ్ళో కాలువ నీరు ఏ తేదీన వచ్చింది? మినుము ఎప్పుడు చల్లారు?’ అని శాస్త్రవేత్త అడిగాడు. ఆమెకు రెండవదే తెలుసు. మొదటిది కనుక్కొని రాస్తానని చెప్పింది. ఆయన తన డైరీలో ఊరి పేరు రాసుకొన్నాడు.

పర్యటన ముగిసిన వారానికి విద్యార్థులు నివేదికలు సమర్పించారు. చాలావాటిలో చూసిన సంస్థల పేర్లు, స్థాపించిన సంవత్సరాలు, యంత్రాల బొమ్మలు శ్రద్ధగా ఉన్నాయి. ఆమె నివేదిక ఒకే పుట. అందులో ఒక పట్టిక. కాలువ నీరు వచ్చిన తేదీ, నారు పోసిన తేదీ, నాట్లు, పొట్ట, ఈనిక, కోత, మినుము చల్లడం, మొదటి పూత, అని వరుసగా గడులు. మూడేళ్ళ తేదీలను తండ్రి నోటినుంచీ, ఇంటి కేలెండరు మీది గుర్తులనుంచీ సేకరించి నింపింది. నాలుగవ వరుసకు ‘కొత్త రకం’ అని పేరు పెట్టి, గడులన్నీ ఖాళీగా వదిలింది. వాటిలో ఏడవ గడిలో మాత్రం పెన్సిలుతో సన్నగా ఒక ప్రశ్నార్థకం ఉంది.